జీవామృతం పనిచేసిందా, యూరియానే ఎక్కువైందా? మూడో మడి చెబుతుంది

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. నాకు మూడెకరాల వరి ఉంది. పోయిన వానాకాలం మా అన్న ఒక ఎకరంలో మూడు బస్తాల యూరియాకు బదులు రెండే వేసి, జీవామృతం నాలుగు సార్లు పారించాడు. ఎప్పటిలాగే 35 బస్తాల వడ్లు వచ్చాయి. జీవామృతం బస్తా యూరియాతో సమానమని ఆయన వాదన. ‘ఆ మడి ఒకప్పుడు పెంటకుప్పలు పోసిన జాగ, ఏమీ వేయకున్నా పండుతది’ అని మిగతావాళ్లు. ఈ వానాకాలం మేం ఆరుగురం మా పొలాల్లోనే పరీక్ష చేసి తేల్చుకుందామని అనుకుంటున్నాం. తలా ఒక ఎకరం జీవామృతానికి వదిలి, మిగతాది మామూలుగా సాగు చేసి పోల్చుకుంటే సరిపోతుందా? అందరిదీ తెలంగాణ సోనా రకమే. డీఏపీ ఎకరాకు ఒక బస్తా వేస్తాం. పొటాష్ కూడా వేస్తాం.
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

సమాధానం: సరిపోదు. అలా చేస్తే మీ అన్న చేసిందే ఆరు చోట్ల చేసినట్టవుతుంది, తగవు అక్కడే ఉంటుంది. ఆయన ఒకేసారి రెండు పనులు చేశారు. యూరియా తగ్గించారు, జీవామృతం పోశారు. దిగుబడి తగ్గలేదు. జీవామృతం ఆదుకున్నందుకు తగ్గలేదా, లేక ఆ మూడో బస్తాతో మొదటినుంచీ పనే లేదా? ఆ రెండు మళ్లను ఎంత జాగ్రత్తగా తూచినా ఇది తేలదు. రెండు బస్తాలే వేసి, జీవామృతం పోయని మడి ఇంకొకటి ఉండాలి. అలాంటి మడి వదలడానికి ఎవరికీ మనసొప్పదు, పంటను కావాలని మాడ్చినట్టు అనిపిస్తుంది. కానీ మీ ప్రశ్నకు జవాబు ఉండేది అందులోనే.

మూడో బస్తా మీద అనుమానం ఎందుకో లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. మూడు బస్తాలకు 62 కిలోలు. 50 కిలోల డీఏపీలో 18 శాతం, అంటే ఇంకో 9. మొత్తం 71 కిలోలు. వానాకాలం వరికి సిఫారసు ఎకరాకు 40–48 కిలోల దగ్గర ఉంటుంది. రెండు బస్తాలే వేసినా మీకు 50 కిలోలు అందుతోంది. అంటే మీ అన్న యూరియా తగ్గించి సిఫారసు దగ్గరికి వచ్చారు, అంతే.

మరి జీవామృతం సంగతి? 200 లీటర్ల పీపాలో 10 కిలోల పచ్చి పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులోని నత్రజని అంతా కూడినా విడతకు పావు కిలో అటూ ఇటూ, నాలుగు విడతలకు ఓ కిలో. ఎరువు లెక్కన అది 20 కిలోలకు సాటి రాదు. జీవామృతం వాడేవాళ్లు కూడా దాన్ని ఎరువు అనరు, నేలలోని సూక్ష్మజీవులను లేపి ఉన్న పోషకాలను వేర్లకు అందిస్తుందంటారు. ఆ మాట మీ నేలలో ఎంత నిజమో చూడాలంటే ‘రెండు బస్తాలు, జీవామృతం’ మడి పక్కనే ‘ఉత్త రెండు బస్తాలు’ మడి ఉండాలి. మామూలు మూడు బస్తాల మడి ఎలాగూ ఉంటుంది. మొత్తం మూడు మళ్లు. ఇంతకు మించి ఏదీ కలపవద్దు. మధ్యలో ఎవరో ఒకరు ‘ఎలాగూ చేస్తున్నాం కదా, వేపపిండి కూడా చూద్దాం’ అంటారు. అది వచ్చే ఏడాదికి.

ఎకరాలెకరాలు అక్కరలేదు. మడికి 5 గుంటలు చాలు, ఒక్కో రైతుకు 15 గుంటలు. ఉత్త రెండు బస్తాల మడిలో ఎకరాకు రెండు క్వింటాళ్లు దెబ్బతిన్నా 5 గుంటల్లో పోయేది 25 కిలోలు. 2024–25 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయల ప్రకారం 580 రూపాయలు. ఆ మాత్రం నష్టానికి ముందే సిద్ధపడితే మధ్యలో చేయి ఊరుకోక ఆ మడిలో నాలుగు గుప్పిళ్లు యూరియా చల్లే పని ఉండదు. పరీక్షలు చెడిపోవడానికి పెద్ద కారణం ఈ జాలే. ఆకు కాస్త పసుపెక్కగానే రైతు చేయి ఆగదు.

మళ్లు కచ్చితంగా 5 గుంటలే ఉండవు కాబట్టి టేపు పెట్టి కొలవండి. రెండు చివర్లా వెడల్పు కొలిచి సగటు తీయండి, పొడవుతో గుణించండి, చదరపు మీటర్లను 101తో భాగిస్తే గుంటలు వస్తాయి. 28 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు మడి 476 చదరపు మీటర్లు, 4.7 గుంటలు. మందు ఆ లెక్కనే తూచాలి. సరిగ్గా 5 గుంటలైతే మూడు బస్తాల మడికి పంటకాలం మొత్తానికి 16.9 కిలోల యూరియా. ఆఖరు దమ్ములో, పిలకలు వేసే దశలో, చిరుపొట్ట దశలో మూడు సమాన భాగాలు చేస్తే విడతకు 5.6 కిలోలు. రెండు బస్తాల మళ్లకు మొత్తం 11.25 కిలోలు, విడతకు 3.75. డీఏపీ ప్రతి మడికీ 6.25 కిలోలు. జీవామృతం విడతకు 25 లీటర్లు. ఇంటి దగ్గరే తూచి, సంచులు కట్టి, మడి పేరు రాసి పెట్టుకోండి. గట్టు మీద నిలబడి ‘ఇది సగం గంప ఉంటుంది’ అన్నారంటే మూడు బస్తాలకూ రెండు బస్తాలకూ మధ్య తేడా ఆ గంపలోనే మాయమవుతుంది.

ఇక మళ్లు ఎక్కడ పెట్టాలి. మీ అన్న మడి మీద మిగతావాళ్లు తీసిన వంక ఊరికే కొట్టిపారేసేది కాదు. పెంటకుప్ప పోసిన జాగ పదేళ్లయినా పండుతూనే ఉంటుంది. పాత కల్లం జాగ గట్టిబడి ఉంటుంది. కాలువ తూము దగ్గరి మడికి ఒండ్రు ముందు చేరుతుంది, చివరి మడికి నీళ్లు ఆలస్యంగా వస్తాయి. తుమ్మచెట్టు నీడ పడేచోట గింజ పొల్లు పోతుంది. ఇలాంటి చోట్లు వదిలేసి, ఒకే రకం నేల, ఒకే ఎత్తు ఉన్న పక్కపక్క మళ్లు మూడు చూసుకోండి. అవి అన్నీ ఒకేలా ఉండనక్కరలేదు. ఏ మడికి ఏది వేయాలో మీరు నిర్ణయించకుండా ఉంటే చాలు. మూడు చీటీలు రాసి, మడి దగ్గర నిలబడి, ఒక పిల్లవాడితో తీయించండి. ఏ రైతు పొలం దగ్గర ఆ రైతుకు కొత్తగా చీటీలు తీయాలి. ఒకరి దగ్గర వచ్చిన వరసనే ఆరుగురూ పాటిస్తే ఆరుగురి పొలాల్లోనూ తూము పక్క మడి ఒకే పద్ధతికి పోతుంది, అప్పుడు తూము బలాన్ని జీవామృతం బలమని రాసుకుంటారు. చీటీ నచ్చలేదని మళ్లీ తీయవద్దు. పాత చీరల పీలికలు మూడు రంగులవి కర్రలకు కట్టి మడి మూలన పాతండి. నాట్లకు వచ్చినవాళ్లకూ, మందు చల్లేవాళ్లకూ కాగితం కన్నా రంగే గుర్తుంటుంది.

వరిలో ఇలాంటి పరీక్షకు అసలు శత్రువు నీళ్లు. మీ దగ్గర చాలా పొలాల్లో మడి నుంచి మడికి గండి కొట్టి పారిస్తారు. అలా పారిస్తే పై మడిలో వేసిన యూరియా కింది మడిలోకి కరిగిపోతుంది, ఉత్త రెండు బస్తాల మడి పుణ్యానికి మూడో బస్తా తాగుతుంది. చివరికి మూడు మళ్లూ సమానంగా పండి ‘తేడా ఏమీ లేదు’ అని తేలుతుంది. అది తప్పు జవాబు. కాబట్టి మూడు మళ్లకూ బోదె నుంచి వేరువేరు దారులు ఉండాలి. మధ్య గట్లు అడుగు ఎత్తు, అడుగు వెడల్పుకు తగ్గకుండా చెక్కి, బురదతో మెత్తాలి. పీతలు, ఎలుకలు చేసే బొరియలను వారానికోసారి తొక్కి పూడ్చాలి. యూరియా చల్లే ముందు నీళ్లు పలచగా తీసేసి, చల్లాక రెండు రోజులు అన్ని దారులూ మూసి ఉంచండి. ఆ రెండు రోజుల్లో పెద్ద వాన పడి గట్లు పొర్లితే ఆ తేదీని నోట్‌బుక్‌లో రాయండి, దాచవద్దు. వేరు దారి తీయడం కుదరని పొలం ఉంటే ఆ రైతును ఈ ఏడాదికి కొలతల పనిలో పెట్టుకుని, ఐదుగురి పొలాల్లో చేసుకోండి. చెడిన ఆరో పొలం కలుపుకోవడం కన్నా అది మేలు.

నారు ఒకటే, నాటు ఒకే రోజు, ఒకే ముఠా. ఇంకో సంగతి. పొద్దున నాటిన మడికీ సాయంత్రం ఇంటికి పోయే తొందరలో నాటిన మడికీ చదరపు మీటరుకు నాలుగైదు దుబ్బులు తేడా వస్తుంది. కూలీలు మళ్లలో పక్కపక్కనే నాటుకుంటూ పోయేలా చూడండి. వారం తరువాత పీవీసీ పైపు ముక్కలతో మీటరు చదరం కట్టి, మడికి నాలుగు చోట్ల వేసి దుబ్బులు లెక్కపెట్టండి. తేడా ఎక్కువుంటే అప్పుడే పోగులు నాటించవచ్చు. కలుపు, జింకు పిచికారీ, పొటాష్ లాంటివి మీరు పరీక్షించేవి కావు కాబట్టి మూడు మళ్లకూ ఒకే రోజు ఒకేలా చేయాలి.

పురుగు విషయంలో మాత్రం ఆ సూత్రం మారుతుంది. నత్రజని ఎక్కువైన వరిలో సుడిదోమ, పాముపొడ తెగులు, ఆకుముడత ఎక్కువగా వస్తాయి, సన్న రకాలైతే చివర్లో పడిపోతాయి కూడా. మూడు బస్తాల మడికి ఒక పిచికారీ ఎక్కువ పడిందంటే అది కూడా మూడో బస్తా ఖర్చే. అందుకని మందు మూడింటికీ కలిపి కొట్టేయకుండా, ఏ మడిలో పురుగు గీత దాటితే ఆ మడికే కొట్టి ఖర్చు రాయండి. గీత అంటే సుడిదోమ దుబ్బుకు పిలక దశలో 10–15, పొట్ట దశ తరువాత 20–25. పొలంబడిలో కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఈ లెక్కింపు వాళ్లకు అప్పజెప్పండి. 1989లో ఇండోనేషియా వరి పొలాల్లో సుడిదోమ బెడదతో మొదలైన ఆ పద్ధతి మొత్తం రెండు మళ్లు పక్కపక్కన పెట్టి వారం వారం దుబ్బులు విప్పి చూడటం మీదే నడిచింది. మడికి మూలమూలగా నడుస్తూ 10 దుబ్బులు, నీటి మట్టం పైన మొదళ్ల దగ్గర చూడాలి. ఆకుల మీద చూస్తే దోమ కనపడదు.

నోట్‌బుక్ ఒకటే ఉండాలి, ఆరు కాదు. తేదీ, ఎవరి పొలం, ఏ రంగు మడి, ఏం చేశారు, ఎంత తూచారు, ఎంత ఖర్చైంది, వాన. అన్నిటికన్నా ముందు మొదటి పేజీలో ఒక మాట రాసి ఆరుగురూ సంతకాలు పెట్టండి: ‘ఏ తేడా వస్తే ఏం చేస్తాం’ అని. ఉదాహరణకు, ఉత్త రెండు బస్తాల మడి మూడు బస్తాల మడికన్నా ఎకరాకు క్వింటా లోపు మాత్రమే తగ్గితే మూడో బస్తా మానేస్తాం, జీవామృతం మడి ఉత్త మడిని క్వింటాకు మించి దాటకపోతే వరికి జీవామృతం అక్కరలేదనుకుంటాం, అని. పంట చూశాక గీత గీస్తే ప్రతివాడూ తనకు కావాల్సిన చోట గీస్తాడు.

కోత దగ్గరే అసలు పని. మీ ఉత్తరంలో 35 బస్తాలన్నారు, బస్తా ఎన్ని కిలోలు? కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి, కల్లంలో 65, 70 కిలోల సంచి, మిల్లు దగ్గర ఇంకోటి. బస్తాలు మరచిపోయి కిలోల్లో రాయండి. హార్వెస్టర్‌ను కూడా నమ్మకండి. ముందు మడి గింజలు ట్యాంకులోనూ గొట్టాల్లోనూ మిగిలి తరువాతి మడిలో కలుస్తాయి. 5 గుంటల మడికి ఆ తేడా చాలా పెద్దది. మిషన్ రాకముందే ప్రతి మడిలో రెండు చోట్ల 5 మీటర్ల చదరం చేత్తో కోసి తూచాలి. ప్రభుత్వం పంట కోత ప్రయోగాల్లో వరికి తీసుకునే కొలత కూడా ఈ 5 మీటర్ల చదరమే.

చదరం ఎలా వేయాలో చెబుతాం, తేడాలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. సాగని నైలాన్ తాడు తీసుకుని 5, 10, 15, 20 మీటర్ల దగ్గర ముడులు వేయండి. గట్టుకు రెండు మీటర్లు లోపలికి, ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి పోవాలో ముందే చీటీతో తేల్చుకుని, అక్కడ మొదటి మేకు కొట్టండి. కళ్లతో చూసి ‘ఇక్కడ బాగుంది’ అని కొడితే అది కొలత కాదు. నాలుగు మేకులూ కొట్టాక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే చదరం కాస్తా ఏటవాలుగా నలిగినట్టే. తాడు కింద పడే దుబ్బుల దగ్గర గొడవ మొదలవుతుంది. ఉత్తరం, తూర్పు వైపు తాడు మీదివి లోపలికి, దక్షిణం, పడమర వైపువి బయటికి అని ఒకే నియమం పెట్టుకోండి. ప్రతి పక్కా 5 సెంటీమీటర్లు ఎక్కువైతే విస్తీర్ణం 2 శాతం పెరుగుతుంది, ఎకరాకు దాదాపు 47 కిలోలు లేని వడ్లు లెక్కలోకి వస్తాయి. కోసింది అక్కడే టార్పాలిన్ మీద కొట్టి, తూర్పారబట్టి, వేలాడదీసే ఎలక్ట్రానిక్ కాంటాతో తూచండి. మీ పొలం మీరు కొలవకండి, పక్కవాడి పొలం మీరు కొలవండి. జీవామృతం మీద పందెం కట్టినవాడి చేతికి తాడు ఇవ్వకండి.

తూచగానే కొనుగోలు కేంద్రంలోని తేమ మీటరుతో తేమ చూడండి. దీన్ని వదిలేస్తే పరీక్ష ఎప్పుడూ ఒక వైపుకే వంగుతుంది. యూరియా ఎక్కువ వేసిన మడి నాలుగు రోజులు ఆలస్యంగా పక్వానికి వస్తుంది, అన్నీ ఒకే రోజు కోస్తే ఆ మడి వడ్లలో నీరు ఎక్కువ. కాంటా ఆ నీటిని కూడా వడ్లుగానే చూపిస్తుంది. లెక్క ఇది: తూకాన్ని వందలో తేమ పోగా మిగిలిన దానితో గుణించి, 86తో భాగించండి. అప్పుడు 14 శాతం తేమ దగ్గరి తూకం వస్తుంది. 25 చదరపు మీటర్లలో 15.8 కిలోలు వచ్చి తేమ 21 శాతం ఉంటే, 15.8ని 79తో గుణించి 86తో భాగిస్తే 14.5 కిలోలు. ఎకరంలో 25 చదరపు మీటర్ల చదరాలు 162 పడతాయి కాబట్టి ఎకరాకు సుమారు 23.5 క్వింటాళ్లు. తేమ చూడకుండా రాసి ఉంటే 25.6 అయ్యేది. రెండు క్వింటాళ్ల అబద్ధం.

ఇప్పుడు ఆరు పొలాల అంకెలు ఒకచోట పెట్టాలి. ఆరుగురి సగటు ఒకటి తీసి ‘జీవామృతం గెలిచింది’ అనవద్దు. ఒకరిది చెలక నేల, ఒకరిది నల్లరేగడి, వాళ్ల దిగుబడుల మధ్య తేడా మీరు వెతుకుతున్న తేడాకన్నా పెద్దది. కాబట్టి ప్రతి రైతు పొలంలోనూ ముందు తీసివేత చేయండి, తరువాతే కూడండి. ఊహకు కొన్ని అంకెలు తీసుకుందాం. జీవామృతం మడి నుంచి ఉత్త రెండు బస్తాల మడిని తీసేస్తే ఎకరాకు ఆరుగురికి వరసగా 60 ఎక్కువ, 40 తక్కువ, 110 ఎక్కువ, 20 ఎక్కువ, 70 తక్కువ, 90 ఎక్కువ కిలోలు వచ్చాయనుకోండి. సగటు 28 కిలోలు ఎక్కువ. మీ అన్న చప్పట్లు కొడతారు. ఆగండి.

ఒక్కో అంకెలోంచి ఆ సగటు తీసేసి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, ఆరూ కూడితే 25,883 వస్తుంది. 5తో భాగిస్తే 5,177, దాని వర్గమూలం 72. దాన్ని 6 వర్గమూలమైన 2.45తో భాగిస్తే 29. ఆరు పొలాల పరీక్షకు లెక్కల పట్టికలో ఉండే అంకె 2.57, దీన్ని దానితో గుణించాలి, 75 వస్తుంది. అంటే అసలు తేడా 28కి 75 అటూ ఇటూ, 47 కిలోల నష్టం నుంచి 103 కిలోల లాభం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఇంటర్ చదివే పిల్లలుంటే పది నిమిషాల పని. ఈ లెక్క కనిపెట్టింది కూడా పెద్ద విశ్వవిద్యాలయంలో కూర్చున్నవాడు కాదు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. బార్లీ పరీక్షల్లో అంకెలు కొన్నే ఉంటాయి, ఆ కొన్నిటితోనే ఎంత నమ్మకంగా మాట్లాడవచ్చన్నది ఆయన చిక్కు. మీ చిక్కూ అదే.

పై అంకెలను ఎలా చదవాలి? జీవామృతం పనిచేయలేదని తేలలేదు, పనిచేసిందనీ తేలలేదు. ఒకటి మాత్రం తేలింది: ఉన్నా దాని లాభం ఎకరాకు క్వింటాకు పెద్దగా మించదు. మొదటి పేజీలో మీరు గీసుకున్న గీతకు ఈ మాట చాలు. సగటున 28 కిలోలంటే 650 రూపాయల వడ్లు. ఒక విడతకు బెల్లం, శనగపిండి కొంటే దాదాపు 300 అవుతుంది, నాలుగు విడతలకు 1,200. కలిపి, తిప్పి, మోసే కూలి వేరు. ఆదా చేసిన యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఇంట్లో ఆవు ఉండి, పిండి ఇంట్లో పండిన ఉలవలదైతే లెక్క మారుతుంది, అప్పుడు మీ అసలు ఖర్చే రాసుకోండి. మూడు బస్తాల మడిని, ఉత్త రెండు బస్తాల మడిని కూడా ఇదే పద్ధతిలో తీసివేసి చూడాలి. మీ ఇంటి డబ్బు మీద ఎక్కువ ప్రభావం చూపేది ఆ లెక్కే అని మా అంచనా. అందులోకి పిచికారీలు, పడిపోయిన చేను కోత ఖర్చు కూడా తీసుకోండి.

లెక్కలంటే చిరాకు అనుకుంటే నాణెం లెక్క ఉంది. తేడా ఏమీ లేకపోతే ఏ పొలంలో ఏది గెలుస్తుందన్నది బొమ్మా బొరుసే. ఆరు నాణేలు ఎగరేస్తే ఆరూ బొమ్మే పడటం 64 సార్లలో ఒకసారి జరుగుతుంది. కాబట్టి ఆరు పొలాల్లోనూ ఒకటే గెలిస్తే నమ్మవచ్చు. ఐదో అంతకన్నా ఎక్కువో పడటం 64లో 7 సార్లు, అంటే తొమ్మిదిలో ఒకటి. దాని మీద పొలం పెట్టలేం. నాలుగు గెలిచాయంటే ఏమీ తేలనట్టే. ఒక్క రైతు మూడు మళ్లు పెట్టి ఏదీ ఎందుకు తేల్చలేడో ఇక్కడే తెలుస్తుంది. అమెరికాలో 1985లో రైతులు పెట్టుకున్న ‘ప్రాక్టికల్ ఫార్మర్స్ ఆఫ్ అయోవా’ సభ్యులు ఒకే పొలంలో పక్కపక్క పట్టీలు ఆరేసి సార్లు పెట్టేది అందుకే. వాళ్ల పొలాలు పెద్దవి, మీవి చిన్నవి. మీకు ఆరు పొలాలే ఆరు పట్టీలు. ఎవరికైనా స్థలం ఉండి రెండో జత మూడు మళ్లు పెట్టగలిగితే మంచిదే, అప్పుడు ఆ రైతు తన నేల గురించి విడిగా కూడా కాస్త మాట్లాడగలడు.

ఒక్క పంటతో ఆపకండి. వరికి కావలసిన నత్రజనిలో పెద్ద వాటా నేల నుంచే వస్తుంది. ఏళ్లుగా మూడు బస్తాలు తాగిన నేల మొదటి ఏడాది లోటు కనపడనివ్వదు. ఉత్త రెండు బస్తాల మడి రెండో, మూడో వానాకాలంలో జారడం మొదలుపెడితే అప్పుడు తెలియాలి. అలాగే జీవామృతం గుణం నెమ్మదిగా వస్తుందనే వాదన కూడా అప్పటికే తేలాలి. అందుకని రంగు కర్రలు తీయకుండా అవే మళ్లలో, అదే వరసలో కనీసం రెండేళ్లు నడపండి. యాసంగిలో కూడా ఆ మూడు మళ్లకు అదే పద్ధతి. కౌలు పొలం అయితే, వచ్చే ఏడాది చేతిలో ఉంటుందో లేదో తేల్చుకుని మొదలుపెట్టండి.

మీ జిల్లాలోనే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విత్తనం నానబెట్టకముందే పోయి ఈ మూడు మళ్ల పథకం చూపించండి, కోతలయ్యాక అంకెలు పట్టుకుని పోతే వాళ్లు చేయగలిగింది తక్కువ. మట్టి పరీక్ష, తేమ మీటరు అడగండి. అయితే మాటల్లో ఒక తేడా గమనించండి. వాళ్లు ‘ప్రదర్శన’ అంటే తేలిన విషయాన్ని చూపించడం, దానికి ఒక మడి చాలు. మీకు కావలసింది తేలని విషయాన్ని అడగడం. ‘మీ పొలంలో ప్రదర్శన పెడతాం’ అంటే వద్దనకండి, దాన్ని ఈ మూడు మళ్ల దగ్గర మాత్రం పెట్టించుకోకండి. రైతులు కొలిచిన అంకెలను ఎవరు పట్టించుకుంటారన్న సందేహం ఉంటే, మీ ఉమ్మడి నల్గొండతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టాలు, వాన కొలిచి, ఊరి నీటి లెక్క కట్టుకుని ఏ పంట వేయాలో మాట్లాడుకున్న భూగర్భ జలాల పథకం ఒకటి నడిచింది. అక్కడ కూడా వాళ్ల చేతిలో ఉన్నవి టేపు, వానమాపకం, ఒక రిజిస్టరే.

ఇది మీకు చేరేసరికి యాసంగి కోతలు ఇంకా మిగిలి ఉంటే ఒక పని ఇప్పుడే చేయండి. వానాకాలానికి అనుకుంటున్న మూడు మళ్లలో ఈ యాసంగి వరిని కూడా పై పద్ధతిలోనే విడివిడిగా కోసి, తేమ చూసి, తూచండి. ఇప్పుడు మూడింటికీ మీరు ఒకే మందు వేశారు కాబట్టి వచ్చే తేడా అంతా నేలదే. ఒక మడి మిగతా రెండింటికన్నా రెండు క్వింటాళ్లు ఎక్కువో తక్కువో ఇస్తే దాన్ని వదిలి వేరే మడి చూసుకోండి. మీ అన్న మడిని కూడా దాని పక్క మడితో కలిపి తూచండి. పెంటకుప్ప వాదన నిజమో కాదో వానాకాలం దాకా ఆగకుండానే తెలిసిపోతుంది.